సర్వర్ అద్దె ఎవరు కట్టాలి? మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు నడుపుతున్న మీకు, మీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కమిటీల సభ్యులకు, ఫైనాన్స్ విభాగాల వారికి ఈ లేఖ రాస్తున్నాను.

నేనొక చిన్న సొసైటీకి కోశాధికారిని. తెలుగు టైప్ చేసే కీబోర్డు, అక్షరదోషాలు పట్టిచ్చే పదాల జాబితా, కొన్ని ఫాంట్లు వలంటీర్లు తయారుచేసి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. ఆ వలంటీర్ల వెనక నిలబడటమే మా సొసైటీ పని. కోడ్ రాసేది వాళ్లు. సర్వర్ అద్దె కట్టడం, డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) రెన్యూ చేయించడం, లెక్కలు ఆడిట్ చేయించడం, దాతలకు రసీదులు పంపడం మా వంతు. మా సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మాలాంటివి దేశంలో ఇంకా ఉన్నాయి, అందరి ఇబ్బందీ ఇంచుమించు ఒకటే. ఈ విన్నపం అందరి తరఫున అనుకోండి.

కోరేదేమిటో ముందే చెప్పేస్తాను. మీరు రోజూ వాడుకునే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల (ఇలా సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంచేవాటి) వెనక ఉన్న చిన్న సంస్థలకు కొంత సొమ్ము ఇవ్వండి. పెద్ద మొత్తం అక్కర్లేదు. కానీ ఏటా ఇవ్వండి. దేనికి ఖర్చు పెట్టాలో షరతు పెట్టకుండా ఇవ్వండి. సీఎస్‌ఆర్ పద్దులోంచి కాకుండా మీ మామూలు వ్యాపార ఖర్చుల్లోంచి ఇవ్వండి. చివరి మాట కొంచెం వింతగా అనిపించవచ్చు, ఎందుకంటున్నానో వివరిస్తాను.

ముందు అసలు పని ఎలా ఉంటుందో చూడండి. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 14లో తెలుగుకు నకారపొల్లు చేరింది. పాత పుస్తకాల్లో పొల్లు నకారాన్ని రాయడానికి వాడిన రూపం అది. యూనికోడ్ పట్టికలో ఒక గడి దక్కినంత మాత్రాన అది మన ఫోన్లలో కనిపించదు. ప్రతి ఫాంటులోనూ ఎవరో ఒకరు కూర్చుని దాన్ని గీయాలి. కీబోర్డులో ఎక్కడ పెట్టాలో తేల్చాలి. మామూలు "న్"తో వెతికినా ఈ అక్షరంతో రాసిన మాట దొరకాలా వద్దా అన్నది ఇంకో చర్చ. పాత గ్రంథాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న వాళ్లకు ఇది రోజూ కావాల్సిన అక్షరం. మిగతా వాళ్లకు అలాంటిది ఒకటుందని కూడా తెలియదు. దీని మీద ఏ కంపెనీ మాత్రం ఇంజనీరును కూర్చోబెడుతుంది? కాబట్టి పగలు ఉద్యోగం చేసుకుని, పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచే వలంటీరే చేస్తాడు.

ఇంకొకటి. "హైదరాబాద్‌లో" అని సరిగ్గా పడాలంటే "ద్"కూ "లో"కూ నడుమ కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ ఉండాలి. అది లేకపోతే దకారం కింద ల వత్తు పడి "హైదరాబాద్లో" అవుతుంది. కొన్ని యాప్‌లు కాపీ, పేస్ట్ చేసేటప్పుడు ఆ కనిపించని క్యారెక్టర్‌ను పనికిరానిదనుకుని తీసేస్తాయి. ఒక టీచరుగారు ఇంట్లో ప్రశ్నపత్రం టైప్ చేసి బడికి పంపితే అక్కడ తెరిచేసరికి పరాయి మాటలన్నీ వత్తులతో ముద్దయిపోయాయి. తప్పు మా కీబోర్డుదేమోనని ఆమె మాకు రాశారు. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు లోపం కీబోర్డులో ఉందా, ఫాంటులో ఉందా, యాప్‌లో ఉందా, అక్షరాలను పేర్చిపెట్టే హార్ఫ్‌బజ్‌లో ఉందా అని ఒక్కొక్కటే తీసి చూడాలి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ తెలుగు అక్షరాన్ని తెర మీద పెట్టడానికి ఆ హార్ఫ్‌బజ్ మీదే ఆధారపడతాయి. అదీ ఓపెన్ సోర్సే. లోపం ఎక్కడుందో దొరికాక అక్కడివాళ్లకు అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో రాసి పంపాలి. తెలుగు చదవడం రాని ఇంజనీరుకు వత్తు ఎక్కడ పడాలో బొమ్మలు పెట్టి చూపించాలి. దిద్దుబాటు వచ్చాక మళ్లీ పాత ఫోన్లలో, కొత్త ఫోన్లలో పరీక్షించాలి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ మొదటికి.

కొత్తగా ఏదైనా తయారుచేయడానికి డబ్బు అసలు దొరకదని నేననను. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఎవరైనా దించుకునేలా ఉన్నాయంటే దాని వెనక సిలికానాంధ్ర లాంటి లాభాపేక్ష లేని సంస్థ పూనిక ఉంది. కొత్త పనికి చేయూత ఇచ్చేవాళ్లు మనలో ఉన్నారు. చెరువు తవ్వించినవాళ్ల పేరు శాసనం మీద ఉంటుంది, ఏటా పూడిక తీసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. మేం అడుగుతున్నది ఆ పూడిక తీసే ఖర్చు.

ఇది తెలుగుకే వచ్చిన కష్టం కాదు. మీ బ్యాంకింగ్ క్లయింట్లు, మీ పేమెంట్ గేట్‌వేలు సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతి మీ ఇంజనీర్లకు బాగా తెలుసు. 2014 ఏప్రిల్ 7న అందులో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. 2012 మార్చిలో విడుదలైన వెర్షన్‌లోంచి అది అక్కడే ఉంది. ఇంటర్నెట్‌లో ఎన్నో సర్వర్లు పాస్‌వర్డులు, రహస్య కీలు జార్చుకునే పరిస్థితిలో రెండేళ్లు నడిచాయి. ఆ ప్రాజెక్టును కాచుకునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు అంతకుముందు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని దాని అధ్యక్షుడు స్టీవ్ మార్క్వెస్ అప్పట్లో రాశారు. పూర్తి సమయం ఆ పని మీదే ఉన్నది ఒక్క మనిషి. లోపం బయటపడిన కొద్ది రోజుల్లో సుమారు 9,000 డాలర్లు వచ్చాయి, అందులో ఎక్కువ భాగం మామూలు మనుషులు పంపిన చిన్న చిన్న మొత్తాలు. ఆ నెలాఖరుకు లైనక్స్ ఫౌండేషన్ పూనుకుని గూగుల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఇంటెల్, అమెజాన్ తదితర కంపెనీలను కూడగట్టింది. ఒక్కొక్కటి ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నాయి. ఆ డబ్బు రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఇంకొక జత కళ్లు ఆ కోడ్ చూసి ఉండేవి కదా అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పదేళ్ల తర్వాత, 2024 మార్చి 29న, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌లో) ఎవరో కావాలని పెట్టిన దొంగదారి దొరికింది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే ఇంజనీరు ఒకాయన లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీయబట్టి అది బయటపడింది. ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి ఒంటరిగా మోసిన నిర్వాహకుడు తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని 2022లోనే రాశాడు. సాయం చేస్తానంటూ దగ్గరైనవాడే దొంగదారి పెట్టాడు. అలిసిపోయిన మనిషికి తోడుగా నమ్మకమైన సంస్థ ఏదీ లేకపోవడమే ఇక్కడ నాకు ముఖ్యమైన విషయంగా కనిపిస్తుంది.

"సంస్థ ఎందుకండీ, వలంటీరు ఖాతాకే పంపుతాం కదా" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా ప్రాజెక్టు డొమైన్ చాలాకాలం మొదటి వలంటీరు క్రెడిట్ కార్డు మీద ఉండేది. కార్డు గడువు తీరింది. హెచ్చరిక మెయిళ్లన్నీ ఆయన మానేసిన ఆఫీసు చిరునామాకు వెళ్లాయి. సైట్ ఆగిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు. ఆ వారం రోజులూ నేను పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఎందుకంటే గడువు తీరిన డొమైన్‌ను వేరేవాళ్లు కొని, మా కీబోర్డు పేరుతో వైరస్ పంచవచ్చు. అదృష్టం బాగుండి తిరిగి దక్కింది. ఇప్పుడది సొసైటీ పేరున ఉంది. మనిషి ఉద్యోగం మారినా, దేశం మారినా, పోయినా పేరు, డొమైన్, బ్యాంకు ఖాతా నిలిచి ఉండాలంటే ఒక సంస్థ కావాలి. వలంటీర్లు తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ వాళ్లకు ఈ సంగతి ముందే తెలిసింది. అందుకే 1997లో న్యూయార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ అనే సంస్థ పెట్టారు. ఇవాళ ఇంకా చాలా ప్రాజెక్టుల డబ్బు అది దాచిపెడుతోంది, అందుకు విరాళాల్లో 5 శాతం మాత్రమే తీసుకుంటుంది. అయితే నీడనిచ్చే సంస్థకూ నీడ కావాలి. అమెరికాలో వందల చిన్న బృందాలకు ఖాతా నడిపిన ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్ 2024లో మూతపడితే వాళ్లందరూ కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

మన దేశంలో సంస్థ నడపడం ఎలా ఉంటుందో చెబుతాను. సొసైటీ అంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఏటా సర్వసభ్య సమావేశం, కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు. ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే ఏటా రిటర్ను వేయాలి, దాతల వివరాలు మే 31లోగా పంపాలి, రిజిస్ట్రేషన్ గడువు తీరకముందే మళ్లీ దరఖాస్తు పెట్టాలి. అధ్యక్షుడు ఉద్యోగం మీద డల్లాస్ వెళ్లిపోతే బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం, కేవైసీ, రిజిస్ట్రార్ ముద్ర పడిన కాగితం, ఇద్దరూ ఒకే రోజు బ్రాంచికి రావడం. ఇందులో ఏదీ తప్పని నేననను. పరాయివాళ్ల డబ్బు చేతిలో ఉన్నప్పుడు లెక్క ఉండాల్సిందే. కానీ పదివేలు వచ్చిన సంస్థకూ పది లక్షలు వచ్చిన సంస్థకూ చాకిరీ ఇంచుమించు అంతే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆదుకోరా అంటారు. వాళ్లకు మనసుంది, దారే లేదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన పంపే రూపాయి విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు అర్హత రావాలంటే 2020 నవంబర్‌లో మార్చిన నిబంధనల ప్రకారం గత మూడేళ్లలో కనీసం 15 లక్షల రూపాయలు అసలు కార్యక్రమాల మీద ఖర్చుపెట్టి ఉండాలి. మాలాంటి చిన్న సంస్థ అంత ఖర్చు చూపించడం ఎలా సాధ్యం? ఒకవేళ రిజిస్ట్రేషన్ వచ్చినా, అదే ఏడాది చట్టసవరణతో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. లెక్కలు చూడటం, ఆడిట్, కాగితాల పనే ముఖ్య విధిగా ఉన్న సంస్థకు ఆ పరిమితి ఊపిరాడనివ్వదు. మా కీబోర్డు మొదటి వెర్షన్ రాసినవాళ్లలో ఒకాయన అక్కడి పౌరసత్వం తీసుకున్నాక మాకు వంద డాలర్లు పంపలేకపోయారు. ఫోన్ చేసి ఎంతగానో నొచ్చుకున్నారు.

కాబట్టి మిగిలింది మీరే. మీ దగ్గర సీఎస్‌ఆర్ నిధి ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. మేమూ ఆ తలుపు తట్టినవాళ్లమే. ఒక కంపెనీవారు హ్యాకథాన్ (ప్రోగ్రామర్లు ఒకచోట చేరి కోడ్ రాసే పోటీ) పెడితే స్పాన్సర్ చేస్తామన్నారు. టీషర్టులు, భోజనాలు, వేదిక, బ్యానర్లకు ఇస్తామన్నారు. సర్వర్ అద్దె, ఆడిటర్ ఫీజు సంగతి ఎత్తితే అవి ప్రాజెక్టు ఖర్చు కిందికి రావన్నారు. వాళ్ల మంచితనాన్ని నేను శంకించను. వాళ్ల ఫారంలో ఆ గడి లేదు, అంతే. ఇంకొకరు మార్చి మూడో వారంలో ఫోన్ చేసి, ఈ నెలాఖరుకు ఖర్చు చేసి యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వగలరా అని అడిగారు. ఏడాది పొడవునా నెలనెలా అయ్యే ఖర్చును పది రోజుల్లో ఎలా చేయగలం?

నిబంధనలూ ఈ పనికి సరిపడేలా లేవు. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు సీఎస్‌ఆర్ కావు. మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ కాదు. దేశం బయట చేసే ఖర్చు సాధారణంగా సీఎస్‌ఆర్ కాదు, అందువల్ల మీరు వాడే లైబ్రరీ తాలూకు ఫౌండేషన్ బెర్లిన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. పైగా సీఎస్‌ఆర్ కింద పెట్టిన సొమ్మును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మీ వ్యాపారం నడవడానికి వాడుకునే సాఫ్ట్‌వేర్ నిర్వహణకు సభ్యత్వ రుసుమో సపోర్ట్ రుసుమో కడితే అది కరెంటు బిల్లు, క్లౌడ్ బిల్లు లాంటి ఖర్చే. దాన్ని దానమనడం ఎందుకు? దానం బాగులేని ఏడాది ఆగిపోతుంది, బిల్లు ఆగదు. నేను వ్యాపార పద్దు అంటున్నది ఇందుకే.

మా వైపు నుంచి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మాలాంటి సంస్థ రుసుముల రూపంలో తీసుకునేది మొత్తం రాబడిలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపుకే ముప్పు. అందుకని కొంత రుసుముగా, మిగతాది సీఎస్‌ఆర్‌తో ముడిపెట్టని మామూలు విరాళంగా ఇచ్చే ఏర్పాటు చేసుకోవాలి. మీ ఆడిటర్, మా ఆడిటర్ ఒక పూట కూర్చుంటే తేలిపోయే విషయం ఇది.

డబ్బు వస్తే వలంటీర్ల స్ఫూర్తి పోతుందన్న భయం కూడా విన్నాను. అది ఉత్త భయం కాదు. 2006లో డెబియన్‌లో కొత్త విడుదల త్వరగా తేవాలని కొందరు డబ్బు పోగుచేసి ఇద్దరు విడుదల నిర్వాహకులకు జీతం ఇచ్చే ప్రయత్నం చేశారు. జీతం లేకుండా అంతే పని చేస్తున్న కొందరికి అది నచ్చలేదు, తమ పని తగ్గించేశారు. ఆ డిసెంబర్‌లో రావాల్సిన వెర్షన్ 2007 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ ఉదంతం మా కమిటీలో చాలాసార్లు చర్చకు వచ్చింది. నా అభిప్రాయం ఇది: వలంటీరు ఇష్టపడి చేసే పనికి వెలకట్టనక్కర్లేదు. ఎవరూ ఇష్టపడి చేయని పనికి డబ్బు ఇవ్వాలి. రిటర్నులు వేసే పార్ట్‌టైమ్ అకౌంటెంటు, బ్యాకప్‌లు చూసే మనిషి, టీచరుగారి లాంటివాళ్లు రాసిన ఉత్తరాలకు జవాబిచ్చే మనిషి, పరీక్షించడానికి నాలుగు పాత ఫోన్లు. వీటన్నిటికీ కలిపి మాకు ఏడాదికి అయ్యేది మీ కంపెనీలో ఇప్పుడే చేరిన ఒక ఇంజనీరు జీతానికి మించదు.

ఇలా ఇస్తున్నవాళ్లు ఉన్నారు. మన దేశంలోనే జెరోధా కంపెనీ 2024 అక్టోబర్‌లో ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టి, ఏడాదికి పది లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇస్తామని ప్రకటించింది. జర్మనీ ప్రభుత్వం 2022 నుంచి సావరిన్ టెక్ ఫండ్ పేరుతో పాత ప్రాజెక్టుల నిర్వహణకే డబ్బు పెడుతోంది, కొత్త ఫీచర్ కావాలని పట్టుబట్టదు. హైదరాబాద్ అంతటి సాఫ్ట్‌వేర్ ఊరికి ఈ వరసలో నిలబడే శక్తి లేదంటే నేను నమ్మను.

ఎవరికివ్వాలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా ఉంచుకోవాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, మీ సెక్యూరిటీ టీమ్ దగ్గర ఆ జాబితా ఈపాటికి ఉండే ఉంటుంది. అందులో ఏది ఆగిపోతే మీ పని ఆగిపోతుందో మీ ఇంజనీర్లనే అడగండి. ఐదారు పేర్లు చెబుతారు. వాటి వెనక సంస్థ ఉందా, దాని లెక్కలు బయట ఉన్నాయా అని ఫైనాన్స్ వాళ్లు చూసుకోవచ్చు. మూడేళ్లకు ఒకేసారి మాట ఇచ్చి, ఏటా ఏప్రిల్‌లో పంపండి. మూడేళ్ల భరోసా ఉంటేనే మేం అకౌంటెంటును ధైర్యంగా పెట్టుకోగలం. వేదిక మీద మీ పేరు చెప్పించుకోవాలన్న కోరిక ఉంటే సంతోషంగా చెబుతాం. ఏ బగ్ ముందు చూడాలన్నది మాత్రం వలంటీర్లకే వదిలేయండి.

డబ్బు వీలుపడని చిన్న కంపెనీలు మనిషి సాయం చేయొచ్చు. రిటర్నులు వేసే సీజన్‌లో మీ అకౌంట్స్ విభాగంలోంచి ఒక అనుభవజ్ఞుడిని రెండు రోజులు పంపితే మాకు కొండంత అండ. నిజం చెప్పాలంటే హ్యాకథాన్‌కు వచ్చే వంద మంది కన్నా ఆ ఒక్కరు మాకు ఎక్కువ అవసరం.

మా లెక్కలు చూడాలనుకుంటే ఆడిట్ రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, గత సర్వసభ్య సమావేశం తీర్మానాలు అడిగిన రోజే పంపిస్తాం. మీ జవాబు "ఇవ్వలేం" అయినా దయచేసి రాయండి. ఏ పద్దు దగ్గర, ఏ నిబంధన దగ్గర ఆగిందో తెలిస్తే అందుకు కావాల్సిన కాగితం మేం తయారుచేసుకుని వచ్చే ఏప్రిల్‌లోపు మళ్లీ మీ దగ్గరికి వస్తాం.

ఇట్లు,
ఒక చిన్న సొసైటీ కోశాధికారి,
హైదరాబాద్